పళ్ళు పోయిన తరువాత ఏం పెట్టించాలి?

వార్డులో భోజనం పళ్ళెం అలాగే వెనక్కి వచ్చిందంటే మేము ముందుగా అడిగేది "ఆకలి లేదా?" అని. "లేదమ్మా" అంటారు పెద్దవారు. పక్కనున్న కోడలు కూడా అదే అంటుంది. నోరు తెరిపించి చూస్తే సంగతి వేరు. దవడ పళ్ళు ఒక్కటీ ఉండవు. కూర ముక్క నమలలేక, ఆ మాట చెప్పుకోవడానికి మొహమాటపడి, మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటుంటారు. ఇంట్లోనూ కొన్నేళ్ళుగా అదే వరస అయి ఉంటుంది. ఆకుకూర, గుగ్గిళ్ళు, మాంసం, జామపండు ఒక్కొక్కటే కంచంలోంచి తప్పుకుంటాయి. షుగరు ఉన్న మనిషికి తెల్లన్నం, బిస్కెట్లే మిగిలితే ఆ షుగరు అదుపులో ఎలా ఉంటుంది?

కాబట్టి పోయిన పళ్ళకు బదులు పళ్ళు పెట్టించడం సోకు కాదు. ఏవి పెట్టించాలన్నదే ప్రశ్న. "ఇంప్లాంట్ వేయిస్తే ఇక జీవితాంతం చూసుకోనక్కరలేదట గదా సిస్టర్?" అని చాలామంది అడుగుతున్నారు. అందులో సగమే నిజం.

ముందు మిగతా రెండు మార్గాలు చెబుతాను. తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళు మీకు తెలిసినవే. ఖర్చు తక్కువ, ఆపరేషన్ ఉండదు. రాత్రి తీసి, బ్రష్‌తో కడిగి, మామూలు నీళ్ళలో ఉంచాలి. వేడి నీళ్ళలో వేస్తే వంగిపోతాయి. రెండవది బ్రిడ్జి. ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్ళను అరగదీసి, వాటి ఆధారంతో మధ్య పన్నును కదలకుండా అతికిస్తారు. త్వరగా పూర్తవుతుంది గానీ, బాగున్న రెండు పళ్ళను అరగదీయవలసి వస్తుంది.

ఇంప్లాంట్ అంటే పన్ను వేరుకు బదులు దవడ ఎముకలో బిగించే టైటానియం మర. సుమారు 4 మిల్లీమీటర్ల మందం, 10 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. ఎముక దాన్ని అంటిపెట్టుకుని పెరుగుతుంది. స్వీడన్ దేశపు వైద్యుడు బ్రనెమార్క్ 1950లలో కుందేళ్ళ ఎముకపై పరిశోధన చేస్తూ, అమర్చిన టైటానియం పరికరం మళ్ళీ ఊడి రాకపోవడం గమనించారు. 1965లో మొదటిసారి ఒక రోగి దవడలో అమర్చారు. ఆయన 2006లో చనిపోయేవరకు, నలభై ఏళ్ళకు పైగా, వాటితోనే భోజనం చేశారు.

అయితే ఎముక పట్టుకోవడానికి సమయం కావాలి. సాధారణంగా కింది దవడకు మూడు నెలలు, పై దవడకు నాలుగు నుండి ఆరు నెలలు ఆగి ఆ తరువాత పన్ను బిగిస్తారు. వెంటనే పెట్టగలిగే సందర్భాలు కూడా ఉన్నాయి, అది ఎముక బలాన్ని బట్టి డాక్టరుగారు నిర్ణయిస్తారు. మందు ఇచ్చి మొద్దుబార్చి చేస్తారు కనుక చేసేటప్పుడు నొప్పి ఉండదు. ఇంకొక మాట. పన్ను పీకించాక అక్కడి ఎముక కరిగిపోతూ ఉంటుంది, ఎక్కువ భాగం మొదటి సంవత్సరంలోనే. పదేళ్ళ తరువాత వెళితే ముందు ఎముక పొడి నింపవలసి రావచ్చు. అందుకని పీకించే రోజే "తరువాత ఏం పెడతారు?" అని అడగండి.

ఇక ముఖ్యమైన విషయం. ఇంప్లాంట్ గురించి మాట్లాడడానికి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న మందుల సంచి మొత్తం తీసుకువెళ్ళండి. షుగరు అదుపులో లేకపోతే పుండు మానదు, మూడు నెలల సగటు పరీక్ష చేయించి వెళ్ళడం మంచిది. చుట్ట, సిగరెట్ తాగేవారికి ఇంప్లాంట్ నిలవని ప్రమాదం ఎక్కువ. గుండె కోసం రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి. అందరూ మరచిపోయేది ఎముకల బలానికి ఇచ్చే మందులు. వారానికి ఒక మాత్రో, సంవత్సరానికి ఒకసారి సెలైన్‌లో ఎక్కించే ఇంజెక్షనో అవుతుంది. మోకాళ్ళ డాక్టరు ఇచ్చినదానికి పళ్ళతో ఏం పని అనుకుంటారు. ఈ మందులు వాడినవారిలో కొద్దిమందికి, పన్ను పీకినా ఇంప్లాంట్ వేసినా దవడ ఎముక చచ్చుబడిపోవచ్చు. క్యాన్సర్ ఎముకకు పాకినప్పుడు ఇచ్చే పెద్ద మోతాదులో ఈ ప్రమాదం చాలా ఎక్కువ. దవడకు రేడియేషన్ తీసుకున్నవారు కూడా తప్పక చెప్పాలి.

పళ్ళన్నీ పోయినవారికి ప్రతి పన్నుకూ ఒక ఇంప్లాంట్ అక్కరలేదు. పై కట్టుడు పళ్ళు అంగిలిని పట్టుకుని నిలుస్తాయి గానీ, కిందివి నాలుక కదిలినప్పుడల్లా లేచిపోతాయి. మా అత్తగారు ఏడాదిపాటు కిందివి డబ్బాలోనే దాచారు, పెళ్ళిళ్ళకు మాత్రమే బయటకు వచ్చేవి! తరువాత కింది దవడలో రెండే ఇంప్లాంట్లు వేయించి, కట్టుడు పళ్ళను వాటికి గుండీలా నొక్కి పెట్టుకునేలా చేశారు. ఇప్పుడు గారెలు కూడా తింటున్నారు. పళ్ళన్నీ పోయిన కింది దవడకు ముందుగా ఆలోచించవలసిన మార్గం ఇదేనని 2002లో కెనడాలోని మాంట్రియల్‌లో సమావేశమైన నిపుణులు కూడా చెప్పారు.

చదువు లేనివారు తక్కువ డబ్బుకు తీగెతో, ప్లాస్టిక్ ముద్దతో పక్క పళ్ళకు కదలకుండా అతికించే పళ్ళను మాత్రం పెట్టించకండి. కింద ఆహారం కుళ్ళి, చిగురు వాచి, బాగున్న పళ్ళు కూడా ఊగిపోయిన తరువాత మా దగ్గరకు వచ్చినవారున్నారు.

ఇంప్లాంట్ పుచ్చదు, నిజమే. కానీ చుట్టూ ఉన్న చిగురుకు చీము పట్టగలదు. నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది, ఆలోగా ఎముక పోతుంది. అందుకే రోజుకు రెండుసార్లు బ్రష్ చేయాలి, సందుల్లో చిన్న బ్రష్‌తో శుభ్రం చేయాలి, ఆరు నెలలకు ఒకసారి చూపించాలి. చేతులు వణికే పెద్దవారైతే ఈ పని ఇంట్లో ఎవరు చేస్తారో ముందే అనుకోండి.

పని పూర్తయ్యాక ఇంప్లాంట్ కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు రాసిన కార్డు అడిగి తీసుకోండి. ఏళ్ళ తరువాత వేరే ఊరిలో మర వదులైతే, బిగించే డాక్టరుకు అదే కంపెనీ పనిముట్టు కావాలి. ఆ కార్డును ఆధార్ కార్డుతో పాటు పెట్టెలో దాచండి.