వేళ్ళకును గాలి కావలెను

ఇంటిలో కుండీమొక్కలు పెంచువారికి ఒక వింత అనుభవము తరచుగా కలుగుచుండును. కిటికీ ప్రక్కనుంచిన క్రోటను మొక్క ఒకనాడు ఆకులు వ్రేలవేయును. పాపము, దప్పిగొన్నదని ఇంటివారు చెంబెడు నీరు పోయుదురు. మరునాడది మరింత వాడును. మరల నీరు పోయుదురు. కొలది దినములలో ఆకులు పసుపువన్నెకు తిరిగి రాలును. మొక్కను పెరికి చూచినచో వేళ్ళు నల్లబడి, జిగటగా, దుర్గంధముతో నుండును. నీటి నడుమనున్న మొక్క నీరు లేనిదానివలె వాడుటకు కారణమేమి?

వేళ్ళును శ్వాసించును. మట్టిరేణువుల నడుమగల సన్నని సందులలో కొంత నీరును, కొంత గాలియు నుండును. ఆ గాలిలోని ప్రాణవాయువువలన వేళ్ళకు శక్తి కలుగును. ఆ శక్తి యున్నంతవరకే అవి పెరుగును, లవణములను గ్రహించును, నీటికి త్రోవ నిచ్చును. కుండీలో నీరు నిలిచినచో సందులలోని గాలి వెడలిపోవును. ప్రాణవాయువు గాలిలోకంటె నీటిలో సుమారు 10,000 రెట్లు మెల్లగా వ్యాపించును. ఊపిరాడని వేళ్ళు చుట్టును నీరున్నను దానిని ఆకులకు అందింపజాలవు.

అట్లయిన వరిపైరు నీటిలో నెట్లు నిలుచుచున్నదని విద్యార్థులు అడుగవచ్చును. వరి కాండములోను, వేళ్ళలోను గాలిమార్గములు గలవు. పైనుండి గాలి వానిగుండా వేరుకొసలదాక దిగును. సీసాలోని మనీప్లాంటు వేళ్ళు నీటిలోనే పుట్టి దానికి అలవాటుపడినవి. కుండీమట్టిలో పెరిగిన క్రోటనుకు గాని, కలబందకు గాని అట్టి సదుపాయము లేదు.

బలహీనపడిన వేళ్ళపై పితియము, ఫైటోఫ్తొరా అను సూక్ష్మజీవులు దాడిచేయును. పూర్వము వీనిని శిలీంధ్రములలో చేర్చిరి. ఇప్పుడు ప్రత్యేక వర్గముగా నెంచుచున్నారు. వీని బీజములు కశాభములతో నీటిలో ఈదుచు వేళ్ళను చేరును. 1876లో జర్మను శాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బారీ పెట్టిన ఫైటోఫ్తొరా అను పేరునకు మొక్కలను నాశనము చేయునదని అర్థము. నీరు నిలిచిన పసుపుచేలలో దుంపకుళ్లును, పొగాకు నారుమడులలో నారుకుళ్లును కలిగించువానిలో పితియము ముఖ్యమైనది.

కావున నీరు పోయుటకు ముందు ఆకును గాక మట్టిని చూడవలెను. వ్రేలిని రెండవ కణుపుదాక మట్టిలో గ్రుచ్చినచో సంగతి తెలియును. తడి తగిలినచో ఆనాటికి నీరు వలదు. దినమునకొక చెంబు అను లెక్క పనికిరాదు. ఎండ, గాలి తక్కువగా నుండు గదిలో, అందును వానకాలమున, మట్టి ఆరుటకు చాల దినములు పట్టును. మట్టికుండీ ప్రక్కలనుండియు తడి ఆరును. ప్లాస్టికు కుండీలో ఆ వీలు లేదు. పోసినప్పుడు మాత్రము అడుగురంధ్రమునుండి కారువరకు పోసి, పళ్ళెములో చేరిన నీటిని పారబోయవలెను. నీరు దిగుటకై కుండీ అడుగున గులకరాళ్ళు పరచుట పలువురి అలవాటు. తడిసిన స్పంజు అడుగుభాగమున నీరు నిలిచినట్లే, రాళ్ళమీది మట్టిలోను నీరు నిలుచును. రాళ్ళ మందమువలన ఆ తడి వేళ్ళకు మరింత చేరువగును. మట్టి జారకుండ రంధ్రముపై ఒక పెంకుముక్క చాలును.

కుళ్లు అప్పుడే మొదలైనచో నల్లని వేళ్ళను కోసివేసి, తెల్లగా గట్టిగానున్నవానిని మిగిల్చి, ఇసుక కలిపిన క్రొత్తమట్టిలో నాటవలెను. క్రోటను కాండము మొదలే మెత్తబడినచో ఆ మొక్కపై ఆశ వదలుకొని, పైనున్న గట్టికొమ్మను కత్తిరించి కొంచెము తేమగల ఇసుకలో గ్రుచ్చి చూడవలెను.