విషపు ముల్లు గుచ్చుకుంటే వేడినీరే తొలి చికిత్స

(ప్రత్యేక వ్యాసం)

ముత్తుకూరు: తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు అమలయ్యే చేపల వేట నిషేధం ముగియగానే శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా మత్స్యకారులు తిరిగి సముద్రంలోకి వెళతారు. మేలురకం చేపలతో పాటు విషపు ముళ్లు గల చేపలు కూడా వలలో పడుతుంటాయి. ముత్తుకూరు మండలంలోని కృష్ణపట్నం వంటి తీర గ్రామాలలో వల లాగే వారికే గాక, ఒడ్డున చేపలను వేరుచేసే మహిళలకు సైతం ఈ ముప్పు పొంచి ఉన్నది. ఈ గాయాలు చాలావరకు ప్రాణాంతకం కానప్పటికీ, నిర్లక్ష్యం చేస్తే పుండు ముదిరి వేలు లేదా పాదం దెబ్బతినే ప్రమాదం ఉన్నది. చేతి కష్టమే ఆధారమైన కుటుంబానికి అది ఉపాధి నష్టమే అవుతుంది.

ఏ చేపలతో ప్రమాదం?

టేకు చేప తోకపై రంపపు పళ్ల వంటి ముల్లు ఉంటుంది. దాని పళ్లు వెనుకకు తిరిగి ఉన్నందున, బయటకు వచ్చేటప్పుడు కండను చీలుస్తుంది. జెల్ల చేపకు వీపుపై ఒకటి, రొమ్ము రెక్కల వద్ద చెరియొకటి చొప్పున మూడు ముళ్లు నిక్కబొడుచుకొని ఉంటాయి. స్కార్పియన్ జాతి చేపలు రాళ్ల రంగులో కలిసిపోయి కంటికి ఆనవు. తమిళనాడులోని సేతుకరై తీరంలో రంగులు మార్చే అరుదైన స్కార్పియన్ చేపను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు గుర్తించినట్లు 2020లో వెల్లడైంది. చనిపోయిన చేప ముల్లులో కూడా విషం ఉంటుందన్న సంగతి మరువరాదు.

వేడినీరు ఎందుకు?

ఈ చేపల విషంలోని మాంసకృత్తులు వేడికి చెడిపోయే స్వభావం గలవి. అందువలన గాయపడిన చేతిని లేదా కాలిని ఓర్చుకోగలిగినంత వేడినీటిలో 30 నుంచి 90 నిమిషాల పాటు ఉంచాలి. నీటి వేడి 45 డిగ్రీల సెల్సియస్ మించరాదు. గాయపడిన భాగానికి స్పర్శ సరిగా తెలియదు కనుక, నీటిని ముందుగా గాయం లేని చేతితో పరీక్షించాలి. లేనిచో బొబ్బలెక్కే ప్రమాదం ఉన్నది. నీరు చల్లారిన కొద్దీ వేడినీరు కలుపుతుండాలి. ఒడ్డుకు చేరడానికి గంటల సమయం పట్టే పడవలలో సైతం వంట పొయ్యిపై నీరు కాచి ఈ చికిత్స చేయవచ్చును. 119 మంది టేకు చేప బాధితుల వివరాలతో అమెరికాలో 2007లో ప్రచురితమైన పరిశీలనలో, తొలుత వేడినీటి చికిత్స మాత్రమే పొందిన వారిలో 88 శాతం మందికి ఇతర నొప్పి మందుల అవసరం లేకుండానే ఉపశమనం లభించినట్లు తేలింది.

చేయవలసినవి, చేయకూడనివి

రక్తస్రావం అధికంగా ఉంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాలి. గాయాన్ని మంచినీటితో కడగాలి. పైకి కనిపించే చిన్న ముళ్లను జాగ్రత్తగా తీయవచ్చును. గాయాన్ని కోయడం, నోటితో పీల్చడం, పైన తాడుతో బిగించడం, కిరోసిన్ లేదా ఆకు పసరు పూయడం వంటివి చేయరాదు. ఛాతీ, కడుపు, మెడ భాగాలలో దిగిన ముల్లును ఎట్టి పరిస్థితిలోనూ లాగరాదు. అలాగే ఉంచి ఆసుపత్రికి తరలించాలి. ఆస్ట్రేలియాకు చెందిన స్టీవ్ ఇర్విన్ 2006 సెప్టెంబర్ 4న టేకు ముల్లు ఛాతీలో దిగి మరణించిన సంగతి తెలిసిందే.

ఆసుపత్రిలో

ముల్లు ముక్కలు లోపల మిగిలాయేమో ఎక్స్‌రే ద్వారా చూడటం, ధనుర్వాతం సూది ఇవ్వడం, లోతైన గాయాలకు సముద్రజలంలోని సూక్ష్మజీవులను దృష్టిలో ఉంచుకొని యాంటీబయాటిక్స్ ఇవ్వడం అవసరమవుతాయి. టేకు, జెల్ల చేపల విషానికి ప్రత్యేక విరుగుడు మందు లేదు. పాముకాటుకు ఇచ్చే మందు వీటికి పనిచేయదు. కాటు నొప్పి లేకుండా, ఆ తరువాత కండరాల నొప్పులు, రెప్పలు వాలిపోవడం కనిపిస్తే సముద్రపు పాము కాటుగా అనుమానించి తక్షణమే ఆసుపత్రికి చేర్చాలి.

ముందుజాగ్రత్తలు

లోతు తక్కువ నీటిలో పాదాలు ఎత్తి వేయకుండా ఇసుకపై ఈడ్చుతూ నడిస్తే టేకు చేపలు అలికిడికి తప్పుకుంటాయి. వల దులిపేటప్పుడు మందపాటి చేతి తొడుగులు, పట్టకారు వాడాలి. ప్రతి పడవలో ప్రథమ చికిత్స పెట్టెతో పాటు నీరు కాచే పాత్ర ఉండేలా చూసుకోవాలి. గాయం తీవ్రమైనదైతే ఒడ్డుకు చేరగానే 108 వాహనాన్ని పిలిచి బాధితుని సమీప ఆసుపత్రికి తరలించాలి. ఈ విషయాలను వేట నిషేధ కాలంలోనే మత్స్యకార గ్రామాలలో వివరిస్తే, పడవలు కదిలే నాటికి ప్రతి ఒక్కరికీ తొలి చికిత్స తెలిసి ఉంటుంది.