చేతిలో పనితనం ఉంది... చేయూత ఎక్కడుంది?

మీ చేతి సకినాలు తిన్నవాళ్ళు "ఓ దుకాణం పెట్టరాదు వదినా!" అని ఎన్నిసార్లు అనలేదు? మీరు నవ్వి ఊరుకుని ఉంటారు. "మనకెవరు అప్పిస్తారు, ఆఫీసుల చుట్టూ ఎవరు తిరుగుతారు?" అని లోలోపల అనుకునీ ఉంటారు.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు ఇది కాలక్షేపానికి వేసుకునే ప్రశ్న కాదు. ఇంటాయన దుబాయిలోనో సౌదీలోనో ఉంటాడు. ఒక నెల డబ్బు ఆగిందంటే పిల్లల ఫీజు ఆగుతుంది. ఇంట్లో బీడీలు చుట్టే ఆడవాళ్ళకు కళ్ళూ నడుమూ అరగడమే తప్ప మిగిలేది తక్కువ. అందుకే సొంతంగా నాలుగు రూపాయలు సంపాదించే దారి ఉండాలి. ఇప్పుడు పేపర్లలో 'స్టార్టప్' అని పెద్దగా రాస్తున్నారే, అది కంప్యూటరు చదివిన కుర్రాళ్ళ సొత్తు కాదు. తొక్కులు, పసుపు పొడి, జాకెట్లు కుట్టడం, మామిడి తాండ్ర... ఇవీ వ్యాపారాలే.

ముందు మీ కూలి లెక్క వేసుకోండి

అప్పు కంటే ముందు కావలసింది ఒక నోటుబుక్కు. ఉదాహరణకు పది కిలోల సకినాలు చేశారనుకోండి. బియ్యం, నువ్వులు, వాము, నూనె కలిపి 1,500 రూపాయలు, గ్యాసు 150, సాయానికి వచ్చినావిడకు 400, కవర్లకు 100. మొత్తం 2,150. కిలో 220కి అమ్మితే 2,200 వచ్చాయి, లాభమే కదా అనిపిస్తుంది. కానీ పొద్దుటి నుంచి పొయ్యి ముందు కూర్చున్న మీకు దక్కింది 50 రూపాయలు! మీ కూలి 500 వేసుకుంటే కిలో ఖర్చే 265. ఆ పైన ఎంతకు అమ్మితే గిట్టుతుందో అప్పుడు తెలుస్తుంది. ఇంటి పని కదా అని మన కష్టానికి వెల కట్టకపోతే ఏ వ్యాపారమూ నిలవదు.

నేర్పేవాళ్ళు దగ్గరలోనే ఉన్నారు

గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ, అందరూ 'ఆర్‌సెటి' అంటారు. లీడ్ బ్యాంకుల ఆధ్వర్యంలో జిల్లాల వారీగా నడుస్తుంది. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల వారు బ్యాంకులతో కలిసి మొదలుపెట్టిన శిక్షణే దీనికి మాతృక. కుట్టుపని, బ్యూటీపార్లరు, అప్పడాలు-పచ్చళ్ళ వంటివి ఉచితంగా నేర్పుతారు, భోజనమూ పెడతారు. లెక్కలు రాయడం, బ్యాంకులో మాట్లాడటం కూడా చెబుతారు. కొత్త బ్యాచి ఎప్పుడో మీ బ్యాంకు మేనేజరును అడగండి.

పసుపు, మామిడి లాంటి పంటలతో ఏదైనా చేయాలనుకుంటే జగిత్యాల దగ్గర పొలాసలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. చల్‌గల్ మామిడి మార్కెట్టు, మెట్‌పల్లి పసుపు మార్కెట్టు మన ముంగిట్లోనే ఉన్నాయి. సీజనులో ధర ఎలా మారుతుందో నాలుగు రోజులు గమనిస్తే సరుకు ఎప్పుడు కొనాలో అర్థమవుతుంది.

డబ్బు సంగతి

మొదటి మెట్టు మీ మహిళా సంఘమే. పల్లెల్లో ఐకేపీ, పట్టణాల్లో మెప్మా వాళ్ళు చూస్తారు. బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి రుణాలు సంఘం ద్వారానే వస్తాయి. సంఘంలో లేకపోతే ముందు చేరండి.

రెండోది ముద్రా రుణం. 2015లో మొదలైంది. తాకట్టు అక్కర్లేదు. 'శిశు' కింద 50 వేల వరకు, 'కిశోర్' కింద 5 లక్షల వరకు ఇస్తారు. కుట్టుమిషనుకో పిండి మిల్లుకో 'శిశు'తో మొదలుపెట్టవచ్చు.

మూడోది, కాస్త పెద్ద పని పెట్టుకునేవాళ్ళకు ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం. 2008లో వచ్చిన ఈ పథకాన్ని 2025-26 వరకు పొడిగించారు. ఆ నిబంధనల్లో ఆడవాళ్ళు పెట్టాల్సిన వాటా 5 శాతమే, సబ్సిడీ పల్లెల్లో 35, పట్టణాల్లో 25 శాతం. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా, నిబంధనలు మారాయా అన్నది జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కోండి. ఒక మాట గుర్తుంచుకోండి: ఆ సబ్సిడీ చేతికిచ్చే డబ్బు కాదు. మీ పేరున బ్యాంకులోనే ఉంచి, మూడేళ్ళు సక్రమంగా నడిపాక అప్పులో సర్దుతారు. "సబ్సిడీ ఇప్పిస్తా, కమీషను ఇవ్వు" అనేవాడిని గుమ్మంలోకి రానివ్వకండి.

కాగితాలంటే బెదురు వద్దు

ఆధార్ కార్డుతో చేసే 'ఉద్యమ్' రిజిస్ట్రేషను ప్రభుత్వ వెబ్‌సైటులో పూర్తిగా ఉచితం. వేలు అడిగితే మోసమే. తినే వస్తువులు అమ్మాలంటే ఆహార భద్రతా రిజిస్ట్రేషను తప్పనిసరి. ఇంట్లో చేసి అమ్మే చిన్నవాళ్ళకు పెద్ద లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషను సరిపోతుంది. ఇల్లు వదిలి హైదరాబాదు దాకా ఆలోచించేవాళ్ళకు 'వీ హబ్' ఉంది. 2018 మార్చి 8న ఆడవాళ్ళ వ్యాపారాల కోసమే తెలంగాణ ప్రభుత్వం పెట్టింది.

సిరిసిల్ల నేర్పే పాఠం

2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లతో సిరిసిల్ల మరమగ్గాలు కళకళలాడాయి. 2024లో ఆ చీరలు ఆగేసరికి ఎన్నో మగ్గాలు మూగబోయాయి. తరవాత మహిళా సంఘాల చీరల ఆర్డరు వచ్చింది కానీ, నడుమ పడిన కష్టం నేతన్నల ఇళ్ళకే తెలుసు. కొనేవాడు ఒక్కడే అయితే వాడు ఆగిన రోజు మనమూ ఆగాల్సిందే. మీ సకినాలు ఒకే దుకాణానికి వేయకండి. ఒక దుకాణం, నాలుగు ఇళ్ళు, గల్ఫుకు పోయేవాళ్ళ పెట్టెలు... ఇలా మూడు నాలుగు దారులు పెట్టుకోండి.

'ఐడియా' ఎక్కడ దొరుకుతుందంటారా? ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం గారికి అమ్మ భుజాల నొప్పిలో దొరికింది. చీరకు ఆసు పోయాలంటే ఆమె వేలసార్లు చెయ్యి ఆడించాల్సి వచ్చేది. ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో ఆయన ఆసుయంత్రం పూర్తి చేశారు. దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మీ ఇంట్లో, మీ వాడలో ఏ పని అందరినీ విసిగిస్తోందో చూడండి. వ్యాపారం అక్కడే ఉంటుంది.

ఈ వారం మూడు పనులు చేయండి. నోటుబుక్కులో మీ వస్తువు లెక్క రాయండి. సంఘం మీటింగులో మీ ఆలోచన చెప్పండి. ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, రెండు ఫోటోలు ఒక కవరులో పెట్టుకుని బ్యాంకుకు వెళ్ళండి. తోడు కావాలంటే పక్కింటి అక్కను పిలవండి. ఆవిడకూ ఏదో ఒక పనితనం ఉండే ఉంటుంది!