ఇసుక చాకిరేవు

భర్తృహరి నీతిశతకమునకు ఏనుగు లక్ష్మణకవి చేసిన తెనుగుసేతను బడిలో వల్లెవేసినవారమే మనలో పెక్కుమందిమి. అందులోను, ఇసుకలో నుండి నూనె దొరకించుకొనుట యైనను చేతనగునేమో గాని మూర్ఖుని మనస్సును త్రిప్పుట చేతగాదను భావము గల పద్యమును ఎఱుగనివారు మిక్కిలి అరుదు. ఈ నడుమ ఆ పద్యమునకు ఒక క్రొత్త వ్యాఖ్యానము బయలుదేఱినది. ఇసుక నుండి తైలము తీయు విద్య మన పూర్వులకు కరతలామలకమనియు, కెనడా దేశమువారు నేడు చేయుచున్నది దానికి అనుకరణము మాత్రమేననియు ఒక సభలో ఒక పెద్దమనిషి గంభీరముగా సెలవీయగా నేను చెవులార వింటిని. సభవారు చప్పట్లు చఱచుట కన్నులార కంటిని. కవి అసంభవమునకు ఉదాహరణముగా చెప్పినదానిని రసాయనశాస్త్ర సూత్రముగా చదువుట, ఆ పద్యముననే కుందేటి కొమ్ము ప్రస్తావన యున్నది గనుక ఆ కాలపు కుందేళ్లకు కొమ్ములుండెడివని వాదించుట వంటిది.

వారి మాట అటుంచి, పత్రికలు శ్రద్ధతో చదువువారు సైతము నన్నడుగు ప్రశ్నలో ఇట్టి పొరపాటే యొకటి దాగియున్నది. "ఆ ఇసుకను ఎట్లు పిండుదురండీ?" అని అడుగుదురు. నువ్వులను గానుగలో ఆడించినట్లు ఇసుకను ఏదో మహాయంత్రమున నలుగగొట్టి నూనె కార్చుదురని వారి ఊహ. నువ్వుగింజకు నూనె లోపల నుండును. ఇసుకరేణువు వట్టి రాయి, దాని లోపల ఏమియు లేదు, నూనె దాని చుట్టు నుండును. చుట్టునున్న జిడ్డును వదల్చుటకు గానుగ యేల? చాకిరేవు కావలెను.

కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రమున అథబాస్కా నది గట్టులలో నల్లని జిగురు పట్టిన ఇసుకపొరలు బయటికే కనబడుచుండును. వేసవి యెండకు ఆ జిగురు కరగి కారుచుండును. తోళ్ల వర్తకుడును అన్వేషకుడును నగు అలెగ్జాండర్ మెకెంజీ 1801లో ప్రకటించిన తన యాత్రాగ్రంథమున, ఇరువది అడుగుల గడను అడ్డు లేకుండ దింపదగిన జిగురు ఊటలను అచట చూచితినని వ్రాసెను. అచటి ఆదివాసులు ఆ జిగురును స్ప్రూస్ చెట్ల బంకతో కలిపి తమ పడవల అతుకులకు పూసికొనెడివారు. ఆ ఇసుక వ్యాపించిన నేల సుమారు 1,42,000 చదరపు కిలోమీటర్లు. దానినుండి తీయదగిన నూనె సుమారు 16,000 కోట్ల పీపాలు. పీపా యనగా 159 లీటర్లు. ఆ నల్లని జిగురే బిటుమెను. మనవారు రోడ్డుకు వేయుదానిని తారు అనియు డాంబరు అనియు పిలుతురు గాని, అసలు తారు బొగ్గును మిక్కిలి వేడిచేయగా వచ్చునది, బిటుమెను ముడినూనె జాతికి చెందినది. ఈ రెంటిని కలగాపులగము చేయుట చేతనే ఆ ఇసుకకు ఆంగ్లమున సైతము చాలకాలము తప్పుపేరు నిలిచిపోయినది.

బిటుమెను పుట్టుకతోనే ఇంత చిక్కనిది కాదు. ఒకనాడు అదియును పలుచని ముడినూనెయే. భూమిపైపొరలకు చేరిన పిదప సూక్ష్మజీవులు లక్షల యేండ్ల పర్యంతము దానిలోని తేలికపాళ్లను తినివేయగా, వానికి రుచింపని బరువుపాళ్లును, నూటికి నాలుగైదు వంతుల గంధకమును మిగిలినవి. అనగా ఇది ఎంగిలి నూనె. నీటి చిక్కదనమును 1 అని కొలిచినచో తేనె చిక్కదనము సుమారు 10,000. భూగర్భమునందలి చల్లదనములో ఈ బిటుమెను చిక్కదనము 10 లక్షలను మించును. శీతకాలమున డబ్బాలోని ముద్దపై సుత్తితో కొట్టినచో పెళ్లలుగా విరుగును. దీనిని మామూలు నూనెబావి త్రవ్వి పైకి రమ్మనిన రాదు.

అయినను ప్రకృతి ఇచట మనకొక గొప్ప ఉపకారము చేసినది. ఆల్బర్టా ఇసుకను సూక్ష్మదర్శినితో పరీక్షించిన శాస్త్రజ్ఞుల అభిప్రాయమున, నూనె ఇసుకరేణువును నేరుగా అంటుకొని లేదు. రెంటికి నడుమ వెండ్రుకలో వేలవ వంతు మందమైనను లేని నీటిపొర యొకటి కలదు. రేణువు తడిబట్టతో మడి కట్టుకొని కూర్చున్నది; నూనె ఆ మడికి వెలుపలనే నిలిచినది. ఈ పొర లేనిచోట కథ అడ్డము తిరుగును. అమెరికాలోని యూటా రాష్ట్రమునను ఇట్టి ఇసుకయే కలదు గాని అచట నూనె రేణువును నేరుగా పట్టుకొన్నది. అందుచేత ఆల్బర్టాలో పాఱిన పాచిక యూటాలో అంత సులభముగా పాఱలేదు.

ఈ తడిపొరను ఆధారము చేసికొని ఇసుకను ఉతికినవాడు కార్ల్ క్లార్కు. ఆయన మొదట తలపెట్టినది పెట్రోలు కాదు, రోడ్లు. వానలు పడినచో పశ్చిమ కెనడా మైదానముల బంకమట్టి బాటలలో బండిచక్రములు ఇరుసులోతు దిగిపోవుచుండగా, ఈ బిటుమెనును మట్టిలో కలిపినచో బాట గట్టిపడునేమో యని ఆయన యోచన. ఆల్బర్టా విశ్వవిద్యాలయమున 1920లో పనికి కుదిరిన క్లార్కు, అచటి విద్యుదుత్పత్తిశాల నేలమాళిగలో చిన్నయంత్రము నిలిపి, ఇసుకను వేడినీటితోను కొద్దిపాటి క్షారముతోను కలియబెట్టి నురుగు తేల్చెను. 1929లో ఆ పద్ధతికి పేటెంటు పొందెను.

ఆయన చేసినది అర్థమగుటకు మన చాకిరేవును మించిన ప్రయోగశాల లేదు. నా చిన్ననాట మా ఊరి రేవున రజకుడు మాసిన బట్టలను చవుటినీట ముంచి పిండి, క్రింద నీరు మరుగుచున్న బానపై దొంతరలుగా పేర్చి, మూతకప్పి రాత్రియంతయు ఉబ్బబెట్టెడివాడు. తెల్లవాఱిన పిదప ఆ బట్టలను బండమీద నాలుగు దెబ్బలు బాది జాడించగానే మకిలి పాలవలె విడిపోయెడిది. సబ్బుబిళ్ల మచ్చునకైనను లేదు! కారణ మేమనగా, చవుడులో సోడియం కార్బొనేటు అను క్షారము కలదు. బట్టకంటిన మేనిజిడ్డులో కొవ్వుజాతి ఆమ్లములు కలవు. ఆ రెండును ఆవిరివేడిమిలో కలిసినంతనే బట్టపోగుల నడుమ, మకిలి యున్నచోటనే, సబ్బు పుట్టును. మకిలిని వదల్చునది మకిలిలో నుండియే పుట్టినదన్నమాట. కుంకుడుకాయ మార్గము వేఱు. అచట నురుగు సరకు కాయలోనిది, తలకంటిన నూనెకు అందులో పాలు లేదు.

బిటుమెనుకు సరిపోవునది చవుటి మార్గమే. అందులో నాఫ్తెనిక్ ఆమ్లములు అనునవి కొలదిగా కలవు. వేడినీటిలో కాస్టిక్ సోడా చిటికెడు పడగానే ఆ ఆమ్లములు సబ్బులుగా మాఱి, నూనెకును నీటికిని సరిహద్దున బారులు తీరి నిలుచును. సబ్బు అణువునకు ఒకకొన నీటికి చుట్టము, మఱియొకకొన నూనెకు చుట్టము. పుట్టినింటిని అత్తింటిని ఒకేసారి ఆదరించు ఆడపడుచు వలె అది రెంటి నడుమ బిగువును సడలించును. మఱియు క్షారజలములో ఇసుకరేణువు మీదను నూనెబొట్టు మీదను ఒకేజాతి ఋణవిద్యుత్తు పేరుకొనును. సజాతి విద్యుత్తులు ఒకదానినొకటి త్రోయును గదా! అంతట మడికట్టుకొన్న రేణువు నుండి నూనెపొర చిట్లి, అంచులు ముడుచుకొని, తామరాకుపై నీటిబొట్టువలె గుండ్రనై తొలగిపోవును. బిటుమెను బరువు ఇంచుమించు నీటి బరువే గనుక తనంత తాను పైకి తేలదు. కావున కలియబెట్టుటలో చొరబడిన గాలిబుడగలు దానిని అంటుకొని పైకి మోసికొని పోవును. పైన తేలిన నురుగులో నూటికి సుమారు 60 పాళ్లు బిటుమెను, 30 పాళ్లు నీరు, 10 పాళ్లు మట్టి యుండును. ఇసుక అడుగున దిగును.

ఇందులో నేర్పంతయు సోడా పాళమునందే కలదు. వేయిపాళ్ల ఇసుకకు ఒక్కపాలు సోడాయైనను పట్టదు. తక్కువైనచో జిడ్డు వదలదు. ఎక్కువైనచో సబ్బు మితిమీఱి, నూనె నీటిలో చిన్నచిన్న తుంపరలుగా విఱిగి నురుగులోనికి రాక మొండికెత్తును. నీటిలో సున్నపు జాతి లవణములు హెచ్చైనను ఇదే తిప్పలు. బోరింగు ఉప్పునీట సబ్బు నురుగక విసిగిన ఇల్లాండ్రకు ఈ సంగతిని నేను వేఱుగ చెప్పనక్కఱలేదు. క్లార్కు నీటివేడిమి సుమారు 80 డిగ్రీలు. తరువాతివారు ఇసుకను నీటితో కలిపి పొడవైన గొట్టములలో దొర్లించుటచేత 40, 50 డిగ్రీలకే పని జరుపుకొనుచున్నారు. గొట్టపు దొర్లింత బండమీది బాదుడువంటిది.

నురుగులో మిగిలిన నీటిని మట్టిని వేఱుచేయుటకు, పనసపండు కోసిన చేతికంటిన బంకను నూనెతో వదల్చుకొన్నట్లు, నాఫ్తా పోసి పలుచన చేసి గిరగిర త్రిప్పుదురు. నాఫ్తాకు మాఱుగా పెంటేను వంటి తేలిక ద్రావకమును మెండుగ పోసినచో బిటుమెనులోని మిక్కిలి బరువైన ఆస్ఫాల్టీనులు కొంతమేర విఱిగి, మట్టిని నీటిని తమతో అడుగునకు లాగికొని పోవును.

నేలకు దగ్గఱలో నున్న ఇసుకనే ఇట్లు త్రవ్వి ఉతుకవచ్చును. నూటికి ఎనుబది వంతుల నూనె త్రవ్వకమునకు అందని లోతున కలదు. అచట రజకుడే భూమిలోనికి దిగవలెను. రోజర్ బట్లర్ అను ఇంజనీరు ఊహించిన పద్ధతిలో, ఒకదానిపై నొకటి సుమారు 5 మీటర్ల ఎడముతో అడ్డముగా సాగు రెండు బావులు త్రవ్వి, పైబావినుండి ఆవిరిని పంపగా కరిగిన నూనె క్రిందిబావిలోనికి కారును. ఇది ఉబ్బ, అయితే చవుడు లేని ఉబ్బ. ఆవిరితోపాటు తేలిక ద్రావకములను పంపి ఇంధనవ్యయమును తగ్గించు ప్రయత్నములును కలవు. ఆల్బర్టాలోనే పెలికన్ లేక్ అనుచోట కొంత తక్కువ చిక్కని నూనెను నెట్టుటకు నీటికి పాలిమరును కలిపి గంజివలె చిక్కబఱతురు. వట్టినీరైనచో నూనెను నెట్టక సందులు చూచుకొని ముందే పాఱిపోవును. మన దేశమున గుజరాతులోని మెహసానా ప్రాంతమున బాలోల్, సంతాల్ క్షేత్రములలో ఓ.ఎన్.జి.సి. వారు భూగర్భముననే నూనెలో కొంతభాగమునకు నిప్పంటించి, ఆ వేడిమిచే తక్కినదానిని కదలించిరి.

పైకి వచ్చిన బిటుమెను పెట్రోలు కావలెనన్నచో దానిలోని కర్బనమును తగ్గింపవలెను, లేదా ఉదజనిని పెంపవలెను. మొదటి పనికి సుమారు 500 డిగ్రీలకు వేడిచేసి కోకు విడదీయుదురు, రెండవదానికి ఉత్ప్రేరకముల సాయము కావలెను. ఇంతకంటె ఆ సంగతి ఇచట వలదు. నాకు ప్రియమైన ముచ్చట వేఱొకటి కలదు. వెనిజులా వారు తమ ఓరినోకో బిటుమెనును శుద్ధిచేయు శ్రమ లేకయే, 70 పాళ్ల బిటుమెనును 30 పాళ్ల నీటిలో సబ్బుజాతి పదార్థముతో తుంపరలుగా విఱుగగొట్టి, ఒరిమల్షన్ అను పేర విద్యుత్కేంద్రములకు అమ్మిరి. వెన్నలో కొవ్వు నడుమ నీటిచుక్కలుండును, పాలలో నీటి నడుమ కొవ్వుచుక్కలుండును. వెన్న జారదు, పాలు పాఱును. ఏడుపాళ్లు జిగురైనను, బయటిపొర నీరగుటచేత, ఆ సరకు గొట్టములలో సుళువుగా ప్రవహించెను. క్లార్కు భయపడిన తుంపరలనే వీరు కోరి తెచ్చుకొనుట చూడుడు! కొన్నియేండ్లకు ఆ వర్తకము నిలిచిపోయినది గాని ఆ యుక్తి మాత్రము ముచ్చటైనది.

చాకిరేవున ఉతుకుట ముగిసిన పిదప నీరు చూచితిరా? ఆల్బర్టాలోను అదియే గతి. నూనెను విడిపించిన క్షారము, సబ్బు కలిసి, ఇసుకతో వచ్చిన బంకమట్టిని సైతము రేణువు రేణువుగా విడదీసి నీట నిలిపివేయును. ఒకదానినొకటి త్రోసికొను ఆ మట్టిరేణువులు పేరుకొనుటకు దశాబ్దములు పట్టును. మన పల్లెలలో బురదనీటి కడవలో చిల్లగింజ అరగదీసి కలిపినట్లు, అచట జిప్సమును, పాలిమర్లను కలిపి మట్టిని గుంపులుగా చేర్చి దింప యత్నించుచున్నారు. పని జరుగుచున్నది గాని ఆ బురదనీటిని నిలిపిన చెఱువులు పెరుగుటయే కనబడుచున్నది. నేడు వానిలో నిలిచిన మురుగు లక్ష కోట్ల లీటర్లను దాటినది. నాఫ్తెనిక్ ఆమ్లముల వలన ఆ నీరు చేపలకు విషము. 2008 ఏప్రిలులో అట్టి యొక చెఱువున దిగిన బాతులు 1,600కు పైగా జిడ్డుపట్టి చచ్చినవి.

కనుక పాఠకులారా, ఇకమీద ఏ సభలోనైనను ఎవరైనను ఆ పద్యమును చదివి పూర్వుల పెట్రోలు విద్యను కొనియాడినచో, తొందరపడి చప్పట్లు కొట్టకుడు. ఇసుకను ఉతికిన పిదప ఆ బురదనీటిని ఎచ్చట పాఱబోసిరండీ అని మాత్రము మర్యాదగా అడుగుడు.