ఎంబీబీఎస్ అయి పదేళ్లు.. ఇప్పుడు అమెరికాలో రెసిడెన్సీ వస్తుందా? గ్యాప్ ఉన్న డాక్టర్ల ముందున్న అసలు లెక్క ఇదీ!

ఎంబీబీఎస్ పూర్తయింది. హౌస్ సర్జన్సీ అయింది. ఆ వెంటనే పెళ్లి, హెచ్4 వీసా, పిల్లలు.. చూస్తుండగానే ఎనిమిదేళ్లో పదేళ్లో గడిచిపోయాయి. డల్లాస్, న్యూజెర్సీ, అట్లాంటా.. ఎక్కడ చూసినా తెలుగు కుటుంబాల్లో ఇలాంటి డాక్టరమ్మలు ఒకరో ఇద్దరో కనిపిస్తారు. పిల్లలు స్కూలుకు వెళ్లడం మొదలయ్యాక "మళ్లీ ట్రై చేస్తే ఏమవుతుంది?" అనే ఆలోచన వస్తుంది. ఇంట్లోవాళ్లూ సరే అంటారు. మరి ఇన్నేళ్లు వైద్యానికి దూరంగా ఉన్నవాళ్లకు రెసిడెన్సీ సీటు ఇస్తారా?

రూల్ ప్రకారం చూస్తే అడ్డేమీ లేదు. విదేశీ మెడికల్ గ్రాడ్యుయేట్లకు సర్టిఫికెట్ ఇచ్చే ఈసీఎఫ్ఎంజీ.. ఫలానా ఏడాది తర్వాత డిగ్రీ తీసుకుంటేనే అర్హులని ఎక్కడా చెప్పదు. వయసు పరిమితి కూడా లేదు. అసలు అడ్డు ఆస్పత్రుల దగ్గర వస్తుంది.

ఫిల్టర్ ఎలా పడుతుందంటే..

రెసిడెన్సీ దరఖాస్తుల్లో ఎక్కువ భాగం ఈరాస్ అనే ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా వెళ్తాయి. ఒక్కో ఇంటర్నల్ మెడిసిన్ ప్రోగ్రామ్‌కు వేలల్లో అప్లికేషన్లు వస్తాయి. అన్నీ చదివే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే చాలా ప్రోగ్రామ్‌లు ముందే కొన్ని ఫిల్టర్లు పెట్టుకుంటాయి. వాటిలో ముఖ్యమైనది డిగ్రీ వచ్చిన సంవత్సరం. కొన్ని చోట్ల ఐదేళ్లు, కొన్ని చోట్ల మూడేళ్లే. ఆ గీత దాటితే స్కోరు ఎంత బాగున్నా ఆ అప్లికేషన్‌ను ఎవరూ తెరిచి చూడరు.

అయితే ఇక్కడ చాలామంది కలిపేసుకునే విషయం ఒకటుంది. డిగ్రీ వచ్చి ఎన్నేళ్లయింది అనేది ఒక లెక్క. చివరిసారి పేషెంట్‌ను చూసి ఎన్నేళ్లయింది అనేది ఇంకో లెక్క. 2013లో ఎంబీబీఎస్ చేసి, ఆ తర్వాత పదేళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసిన డాక్టర్ ఒకరు. అదే ఏడాది డిగ్రీ తీసుకుని అసలు ప్రాక్టీసే చేయని డాక్టర్ ఇంకొకరు. మొదటి లెక్కలో ఇద్దరూ ఒకటే. రెండో లెక్కలో పోలికే లేదు. డిగ్రీ సంవత్సరాన్ని ఎవరూ మార్చలేరు. రెండో లెక్కను మాత్రం ఇప్పుడు మొదలుపెట్టినా ఏడాదిలో మార్చుకోవచ్చు. గ్యాప్ ఉన్నవాళ్ల ప్రయత్నమంతా ఈ ఒక్క పాయింట్ చుట్టూనే తిరగాలి.

పోటీ ఎంత ఉందో కూడా తెలుసుకుని దిగడం మంచిది. 2024 మ్యాచ్‌లో మొత్తం 41,503 సీట్లు ఉన్నాయి. అమెరికాలో ఎండీ చదివిన ఫైనలియర్ విద్యార్థుల్లో 93.5 శాతం మందికి సీటు వచ్చింది. అమెరికా పౌరులు కాని విదేశీ గ్రాడ్యుయేట్లలో మాత్రం 58.5 శాతం మందికే. ఇందులో నిన్నగాక మొన్న కాలేజీ నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు, పాత బ్యాచ్‌లవాళ్లూ ఉన్నారు. పదేళ్ల గ్యాప్ ఉన్నవాళ్లు ఈ సగటును తమ అవకాశంగా లెక్కేసుకోకూడదు. అంతకంటే తక్కువే అనుకోవాలి.

ఏడేళ్ల గడియారం

ముందు యూఎస్ఎంఎల్ఈ స్టెప్ 1, స్టెప్ 2 సీకే పాసవ్వాలి. స్టెప్ 1కు 2022 జనవరి 26 నుంచి స్కోరు ఇవ్వడం ఆపేశారు. పాస్ లేదా ఫెయిల్ అంతే. దాంతో బరువంతా స్టెప్ 2 మీద పడింది. గ్యాప్ ఉన్నవాళ్లకు ఇది ఒకరకంగా మేలే. బుర్ర ఇంకా పదునుగానే ఉందని చూపించడానికి తాజా స్టెప్ 2 స్కోరుకు మించిన సాక్ష్యం లేదు. కాకపోతే తొందరపడి రాయకూడదు. ఒక్కో స్టెప్‌కు నాలుగు ప్రయత్నాలే ఇస్తారు. ఒక్క ఫెయిల్ ఉన్నా చాలా ప్రోగ్రామ్‌లు పక్కన పెడతాయి. గ్యాప్‌కు ఫెయిల్ కూడా తోడైతే కష్టం రెట్టింపు.

పెళ్లికి ముందే స్టెప్ 1 రాసేసి వదిలేసినవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. సర్టిఫికెట్‌కు కావాల్సిన పరీక్షలన్నీ ఏడేళ్లలోపు పాసవ్వాలన్నది ఈసీఎఫ్ఎంజీ నిబంధన. 2015లో స్టెప్ 1 పాసై ఇప్పటికీ స్టెప్ 2 రాయకపోతే ఆ పాత పాస్ పనికిరాదు, మళ్లీ రాయాల్సిందే. తర్వాత లైసెన్స్ ఇచ్చేటప్పుడు రాష్ట్రాలు కూడా తమ గడువులు తాము చూస్తాయి. కొన్ని ఏడేళ్లు, కొన్ని పదేళ్లు.

పేషెంట్‌ను ఎలా పలకరిస్తారో, ఎలా పరీక్షిస్తారో చూసే స్టెప్ 2 సీఎస్ పరీక్ష ఇప్పుడు లేదు. కోవిడ్ సమయంలో ఆగి, 2021లో పూర్తిగా రద్దయింది. దాని స్థానంలో 'పాత్‌వేస్' వచ్చాయి. ఈమధ్య వరకు లైసెన్స్‌తో ప్రాక్టీస్ చేస్తున్నవాళ్లకు దారి సులువు. వదిలేసి ఏళ్లయినవాళ్లకు సాధారణంగా ఆరో పాత్‌వేనే గతి. అందులో లైసెన్స్ ఉన్న డాక్టర్ల ఎదుట ఆరుగురు నిజమైన పేషెంట్లను చూసి చూపించాలి. దీంతో పాటు ఓఈటీ ఇంగ్లీష్ పరీక్ష తప్పనిసరి. పాత్‌వేస్ నిబంధనలు ఏటా మారుతుంటాయి కాబట్టి నాలుగేళ్ల కిందట రాసిన సీనియర్ చెప్పిన మాట మీద ఆధారపడొద్దు.

పేషెంట్ల దగ్గరికి మళ్లీ ఎలా?

అబ్జర్వర్‌షిప్ అంటే డాక్టర్ వెంట తిరుగుతూ చూడటమే, పేషెంట్‌ను ముట్టుకోవడం ఉండదు. హెచ్4 మీద ఉన్నవాళ్లు ఎక్కువగా ఎంచుకునేది ఇదే. ఎక్స్‌టర్న్‌షిప్‌లో హిస్టరీ తీసుకోవడం, పరీక్షించడం లాంటి పనులు చేయనిస్తారు. దానికి విలువ ఎక్కువ, దొరకడం కష్టం. వర్క్ పర్మిట్ ఉన్నవాళ్లు మెడికల్ అసిస్టెంట్‌గా, స్క్రైబ్‌గా, క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్‌గా చేరుతున్నారు. డాక్టర్ చదివి అసిస్టెంట్ పనేంటని ఇక్కడ బంధువులు అనొచ్చు. కానీ ఏడాది పాటు రోజూ క్లినిక్‌లో కనిపించిన మనిషి గురించి ఆ డాక్టర్ రాసే ఉత్తరానికి, నాలుగు వారాల అబ్జర్వర్‌షిప్ ఉత్తరానికి చాలా తేడా ఉంటుంది. మొదటిదానిలో చెప్పడానికి సంగతులుంటాయి. రెండోదానిలో "సమయానికి వచ్చేవారు, నేర్చుకునే ఆసక్తి ఉంది" తప్ప ఇంకేముంటుంది?

వర్క్ పర్మిట్ లేకుండా మాత్రం ఎవరో ఆఫర్ చేశారని క్లినిక్‌లో పని చేయకూడదు. జీతం తీసుకోకపోయినా సరే, జీతమిచ్చి చేయించుకునే పనిని ఫ్రీగా చేస్తే వీసాకే ముప్పు.

ఇండియాకు వచ్చి ఆరు నెలలో ఏడాదో పనిచేసి వెళ్లడం ఇంకో దారి. అప్పుడు ముందుగా చూసుకోవాల్సింది మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయి ఉందా లేదా అన్నది. తెలంగాణలో చదివినా పాత బ్యాచ్‌ల డిగ్రీలు విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీవే. కాళోజీ యూనివర్సిటీ తర్వాత వచ్చింది. కాబట్టి ఏ సర్టిఫికెట్‌కు ఎక్కడికి వెళ్లాలో ముందే తేల్చుకోవాలి. డిగ్రీ వెరిఫికేషన్, ట్రాన్‌స్క్రిప్ట్, డీన్ లెటర్ కాలేజీ నుంచే వెళ్లాలి. పదేళ్ల కిందటి రికార్డు బయటకు తీయించడానికి ఎంత టైమ్ పడుతుందో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

గ్యాప్ గురించి ఏం రాయాలి?

దాచొద్దు. తేదీలు ఎలాగూ కనిపిస్తాయి. పిల్లల పెంపకం అయితే పిల్లల పెంపకం అనే రాయాలి. రెండు మూడు వాక్యాలు చాలు. మిగతా స్టేట్‌మెంట్ అంతా ఇప్పుడేం చేస్తున్నారు, ఎందుకు తిరిగి వస్తున్నారు అన్నదాని మీదే ఉండాలి. ఈరాస్‌లో పది అనుభవాల వరకే రాయనిస్తారు. కాలేజీ కల్చరల్ ఫెస్ట్‌తో వాటిని నింపడం దండగ. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. క్షమాపణ అడుగుతున్నట్టు కాకుండా మామూలుగా జవాబు చెప్పగలగాలి.

డబ్బు సంగతి

2025 సీజన్‌లో ఈరాస్ ఫీజు మొదటి 30 ప్రోగ్రామ్‌లకు ఒక్కోదానికి 11 డాలర్లు, ఆపైన ఒక్కోదానికి 30 డాలర్లు. అంటే వంద ప్రోగ్రామ్‌లకు పెడితే 2,430 డాలర్లు. స్టెప్ పరీక్షలకు ఒక్కోదానికి సుమారు వెయ్యి డాలర్లు అదనం. గుడ్డిగా రెండు వందల చోట్ల పెట్టేకంటే, డిగ్రీ సంవత్సరం మీద పట్టింపు లేని ప్రోగ్రామ్‌ల జాబితా చేసుకోవడం నయం. ప్రోగ్రామ్ వెబ్‌సైట్, ప్రస్తుతం అక్కడున్న రెసిడెంట్ల వివరాలు చూస్తే పాత బ్యాచ్‌లను తీసుకుంటారో లేదో తెలిసిపోతుంది. ఫ్యామిలీ మెడిసిన్, ఇంటర్నల్ మెడిసిన్, పీడియాట్రిక్స్ విదేశీ గ్రాడ్యుయేట్లకు కాస్త అందుబాటులో ఉండే విభాగాలు. 2024లో మెయిన్ మ్యాచ్ తర్వాత ఒక్క ఫ్యామిలీ మెడిసిన్‌లోనే 600కు పైగా సీట్లు మిగిలాయి.

వీసా చిక్కులు

గ్రీన్‌కార్డు ఉంటే ఈ గొడవ లేదు. హెచ్4 ఈఏడీ ఉన్నవాళ్లు దాని మీదే రెసిడెన్సీ చేయొచ్చు. కానీ మూడేళ్ల ట్రైనింగ్ మధ్యలో రెన్యువల్ వస్తే జాగ్రత్తపడాలి. 2025 అక్టోబరు 30 తర్వాత పెట్టిన రెన్యువల్ దరఖాస్తులకు ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. కొత్త కార్డు ఆలస్యమైతే డ్యూటీ ఆగిపోతుంది. జే1 తీసుకుంటే ట్రైనింగ్ తర్వాత రెండేళ్లు స్వదేశంలో ఉండాలి, లేదా డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంలో పనిచేసి మినహాయింపు తెచ్చుకోవాలి. హెచ్1బీ కావాలంటే స్టెప్ 3 ముందే పాసవ్వాలి. 2025 సెప్టెంబరులో ప్రకటించిన లక్ష డాలర్ల ఫీజు తర్వాత, ఇండియా నుంచి నేరుగా హెచ్1బీ మీద వెళ్లడం బాగా కష్టమైంది. అమెరికాలోనే ఉండి స్టేటస్ మార్చుకునేవారికి ఈ ఫీజు వర్తించదని అక్కడి ఇమిగ్రేషన్ శాఖ ఆ తర్వాత స్పష్టం చేసింది.

టెన్నెసీ లాంటి రాష్ట్రాలు రెసిడెన్సీ లేకుండానే విదేశీ డాక్టర్లకు తాత్కాలిక లైసెన్స్ ఇచ్చేలా చట్టాలు చేశాయన్న వార్తలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. చట్టాలు నిజమే. కానీ అవి సొంత దేశంలో పీజీ ట్రైనింగ్ పూర్తి చేసిన లేదా ఈమధ్య వరకు ప్రాక్టీస్‌లో ఉన్నవాళ్ల కోసం. ఎంబీబీఎస్‌తో ఆగి గ్యాప్ వచ్చినవాళ్లకు ఆ తలుపు తెరుచుకోదు.

ఇక తేదీల విషయానికొస్తే.. సెప్టెంబరు చివర్లో ప్రోగ్రామ్‌లు అప్లికేషన్లు చూడటం మొదలుపెడతాయి. ఇంటర్వ్యూలు అక్టోబరు నుంచి జనవరి వరకు. మార్చి మూడో వారంలో సోమవారం సీటు వచ్చిందో లేదో చెబుతారు, ఎక్కడ వచ్చిందో శుక్రవారం తెలుస్తుంది. రానివాళ్లకు ఆ మధ్య నాలుగు రోజుల్లోనే మిగిలిన సీట్ల కోసం 'సోప్' రౌండ్ ఉంటుంది. అందులో పాల్గొనాలంటే అప్పటికే ఈసీఎఫ్ఎంజీ అర్హత చేతిలో ఉండాలి. స్టెప్ 2 రిజల్ట్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నవాళ్లకు ఆ అవకాశం ఉండదు. అంటే జూలై 1న డ్యూటీలో చేరాలనుకునేవారు అంతకు కనీసం ఏడాదిన్నర ముందే పుస్తకం తెరవాలి.