జూమ్ ఉన్నది దూరం నిలబడనీకే

పోయినేడు పత్తి పైసలు రాంగనే చిన్న జూమ్ కెమెరా కొన్న. జేబుల పట్టేంతే ఉంటది గాని 40 రెట్లు దగ్గరికి గుంజుతది. తెల్లారే చెరువు కట్ట మీదికి పోయి వంద ఫొటోలు తీసిన. కొంగ ఏదో, కవర్ ముక్క ఏదో తెల్వకుండ అన్నీ మసకే. కెమెరా మంచిది గాదనుకున్న. తప్పు నాదే.

జూమ్ ఎంత గుంజితే చెయ్యి వణుకు గూడ అంత పెద్దగ అయితది. 40 రెట్ల కాడ షట్టర్ స్పీడు సెకండుల వెయ్యో వంతు ఉంటే బొమ్మ నిలబడ్తది. కూసున్న పిట్టకైతే కెమెరాల ఉన్న స్టెబిలైజర్ కొంత కాపాడ్తది. ఎగిరే పిట్టకు అది అక్కరకు రాదు. అందుకే ఆటో మోడ్ ఇడిసిపెట్టి, షట్టర్ స్పీడు మనమే పెట్టుకునే మోడ్‌కు తిప్పుర్రి. మోచేతులు పక్కలకు ఆనిచ్చి చెట్టుకు ఒరుగుర్రి. నేనైతే బండి సీటు మీద తువ్వాల మడతపెట్టి, దాని మీద కెమెరా పెడ్త.

ముందే ఫుల్లు జూమ్ పెడితే స్క్రీన్ల ఆకులే కనబడ్తయి, పిట్ట దొరకది. మామూలుగ చూసి పిట్టను నడుమకు తెచ్చుకున్నంక మెల్లగ గుంజాలె. డిజిటల్ జూమ్ బంద్ పెట్టుర్రి. అది ఫొటోను కోసి సాగదీసుడే. పొద్దుగాల ఏడు నుంచి తొమ్మిది దాక, ఎండ మన ఎన్కకెల్లి పడేటట్టు నిలబడాలె. మధ్యాహ్నం నీళ్ల మీద వేడిగాలి అల్లాడుతది, ఎంత పెద్ద కెమెరా అయినా బొమ్మ మెత్తగనే వస్తది.

గివన్నీ నేర్చుకున్నంక గూడ ఒక పాపం జేసిన. ఎండాకాలం మా బీడుల తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. అది గూడు కట్టది, ఉత్త నేల మీద రాళ్ల నడుమ పెడ్తది. ఎండ ముదిరితే పొట్ట ఈకలు నీళ్లల్ల తడుపుకొచ్చి గుడ్లను సల్లబరుస్తది. ఆ తడి ఈకల ఫొటో కోసం పది అడుగుల దూరంల కూసున్న. తల్లి నా నెత్తి మీద తిరుక్కుంట ఒర్లింది. నేను నొక్కుతనే ఉన్న. లేచి గట్టు దాక వచ్చిన్నో లేదో, కాకి వచ్చి ఒక గుడ్డు ఎత్తుకపోయింది. కాకికి జాగ చూపెట్టింది నేనే. ఫొటోలు మంచిగనే వచ్చినయి, ఎవ్వరికీ పంపలె.

జూమ్ ఎందుకున్నదో గప్పుడు సమజయ్యింది. పిట్ట మేసుడు ఆపి మన దిక్కు చూసిందంటే మస్తు దగ్గరికి పోయినట్టే, ఎన్కకు జరుగుర్రి. గూడు లొకేషన్ దోస్తులకు గూడ పెట్టకుర్రి.

దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని కొందరు దాన్ని పంజరంల పెట్టి తిప్పి పైసలు అడుగుతరు. అది మన రాష్ట్ర పక్షి, 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద పట్టుడే నేరం. మొన్న దసరాకు కరెంటు తీగె మీద కూసున్నదాన్ని దూరంకెల్లి తీసి మా నాయినమ్మకు స్క్రీన్ల చూపెట్టిన. దండం పెట్టుకున్నది గాని, “రెక్క ఇప్పితేనే గద నీలం కనబడేది, అది తియ్యలేదేందిరా?” అన్నది.

పాలపిట్ట తీగె మీదికెల్లి కింద పురుగు మీదికి దుంకి, మళ్ల ఆ జాగకే వచ్చి కూసుంటది. ఆ జాగకు ఫోకస్ పెట్టి, బరస్ట్ నొక్కి పట్టుకొని రోజూ చూస్తున్న. ఇప్పటికైతే తోకనే దొరికింది.