ఎలక్ట్రాన్ కదలని లెక్క

ఇనుము వంటి అయస్కాంత పదార్థంలో పరమాణువులు చిన్న చిన్న అయస్కాంతాలై ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. ఒకదాన్ని కాస్త కదిపితే అది బొంగరంలా తూలుతూ పక్కదాన్నీ తూలిస్తుంది. ఆ తూలుడు వరసగా ముందుకు పాకడమే స్పిన్ తరంగం. వరిచేను మీద గాలి వీచినప్పుడు కంకులు ఎక్కడికీ పోవు, అల మాత్రం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు చేరుతుంది. ఇక్కడా అంతే: ఎలక్ట్రాన్లు ఉన్నచోటే ఉంటాయి, కబురు వెళ్తుంది.

ఈ తేడా విలువ నేటి చిప్‌ను చూస్తే తెలుస్తుంది. కరెంటు పారేటప్పుడు ఎలక్ట్రాన్లు దారిలో తగిలే అడ్డంకులను ఢీకొంటూ వేడి పుట్టిస్తాయి. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంటే తగిలేది ఆ వేడే. అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా ప్రకారం 2024లో డేటా సెంటర్లు వాడిన విద్యుత్తు సుమారు 41,500 కోట్ల యూనిట్లు. ప్రపంచ వాడకంలో ఇది దాదాపు 1.5 శాతం.

స్పిన్ తరంగాలను 1930లో ఊహించిన ఫెలిక్స్ బ్లాక్‌కు అప్పటికి పాతికేళ్లు నిండలేదు. వేడెక్కేకొద్దీ అయస్కాంతం బలం ఎందుకు తగ్గుతుందో వివరించడమే ఆయన ఉద్దేశం, కంప్యూటర్ ఆలోచనే లేదు. 1957లో బెర్‌ట్రమ్ బ్రాక్‌హౌస్ మాగ్నెటైట్ అనే అయస్కాంత ఖనిజం మీదికి న్యూట్రాన్లు పంపి ఆ తరంగాల జాడ పట్టారు. తరంగశక్తిలోని ఒక్కో పొట్లానికి మాగ్నాన్ అని పేరు.

ప్రయోగాలకు బాగా కలిసొచ్చింది యిట్రియం ఐరన్ గార్నెట్ అనే స్ఫటికం. అది అయస్కాంతమే అయినా విద్యుత్ బంధకం. అందులో అల చాలా నెమ్మదిగా నీరసిస్తుంది. స్పిన్ తరంగాల మరో సుగుణం పొట్టితనం. 5 గిగాహెర్ట్జ్ రేడియో తరంగం గాలిలో 6 సెంటీమీటర్ల పొడవుంటుంది; అదే పౌనఃపున్యంలో స్పిన్ తరంగం మైక్రాన్‌కు లోపే ఇమిడిపోగలదు.

ఈ అలలతో లెక్క చేసే తీరు ఇంకా అందమైనది. అల శిఖరంతో మొదలైతే ఒకటి, లోయతో మొదలైతే సున్నా అనుకుందాం. మూడు అలలు ఒకచోట కలిస్తే ఒక శిఖరాన్ని ఒక లోయ చెరిపేస్తుంది, మిగిలినదే ఫలితం. అంటే ఎక్కువమంది మాటే నెగ్గుతుంది. బడిపిల్లలు కూడికలో "ఒకటి చేతిలో" అంటారే, సున్నా, ఒకటి మాత్రమే వాడే కంప్యూటర్ లెక్కలో ఆ ఒకటి ఉందో లేదో తేల్చేది సరిగ్గా ఈ మెజారిటీ సూత్రమే. సిలికాన్‌లో దానికి పలు ట్రాన్సిస్టర్లు కావాలి, ఇక్కడ ఒక్క కూడలి చాలు.

జర్మనీలోని కైజర్స్‌లాటర్న్‌లో ఆండ్రీ చుమాక్, సెర్గా, హిల్లెబ్రాండ్స్ 2014లో మాగ్నాన్ ట్రాన్సిస్టర్‌ను ప్రకటించారు. గాడులు చెక్కిన గార్నెట్ పొరలో పారే మాగ్నాన్లను మధ్యలో ప్రవేశపెట్టిన వేరే మాగ్నాన్లే అడ్డగిస్తాయి. 2020లో చి వాంగ్, చుమాక్ బృందం అలను ఒక దారి నుంచి పక్కదారికి మళ్లించే నానో పరికరాన్ని తయారుచేసి, దాని ఆధారంగా రెండు అంకెలను కూడే అర్ధసంకలని (హాఫ్ యాడర్) నమూనాను రూపొందించింది.

అసలు చిక్కు అంచుల దగ్గరే. అలను పుట్టించడానికీ, చివర్న చదవడానికీ విద్యుత్ సంకేతమే కావాలి. సన్నని యాంటెన్నాలో పారే ఆ కరెంటు, దారిలో ఆదా అయినదానికన్నా ఎక్కువ మింగేయవచ్చు. పైగా మేలైన గార్నెట్ పొర సిలికాన్ మీద సులువుగా పెరగదు, దానికి గాడోలినియం గాలియం గార్నెట్ పునాది కావాలి. అందుకే పరిశోధన ఇప్పుడు కరెంటుకు బదులు వోల్టేజితోనే అలను లేపడం మీదా, మధ్యలో విద్యుత్తుగా మార్చకుండా ఒక కూడలి నుంచి మరో కూడలికి అలను నేరుగా అందించడం మీదా సాగుతోంది.